నక్షత్రాల మధ్య వెలివాడ: స్టార్ ట్రెక్‌ను మళ్ళీ చూసినప్పుడు

గతం ఎవరిది అన్న ప్రశ్న మీద మనం చాలానే కొట్లాడాం. శంబూకుణ్ణీ ఏకలవ్యుణ్ణీ తిరిగి మన వాకిట్లోకి తెచ్చుకున్నాం. చరిత్ర పుస్తకాల్లో మనకు చోటెందుకు లేదని నిలదీశాం. కానీ భవిష్యత్తు ఎవరిది అన్న ప్రశ్నను మాత్రం మన విమర్శ ఇంకా గట్టిగా పట్టుకోలేదు. దళితుడు కలం పడితే ఆకలి రాయాలి, అవమానం రాయాలి, అమ్మ పడ్డ కష్టం రాయాలి. అవి రాయాల్సిందే, రాస్తూనే ఉంటాం. ఐతే మూడొందల ఏళ్ళ తర్వాత మనిషి ఎట్లా బతుకుతాడో మేమూ ఊహిస్తామంటే 'అది మీ అనుభవం కాదు గదా' అనే పెద్దమనుషులున్నారు. మరి అది ఎవరి అనుభవమంట? మూడొందల ఏళ్ళ తర్వాతి కాలాన్ని ఎవరూ చూసి రాలేదు. అయినా ఆ ఊహ మీద పట్టా కొందరి పేరు మీదే ఉంది.

ఆ పట్టాను తిరగేసి చూడటానికే ఈ వ్యాసం. అందుకు మేము ఎంచుకున్నది స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సీరియల్. మేము చిన్నప్పటి నుంచీ దీని అభిమానులం. అభిమానాన్ని దాచుకుని, ఏ పక్షమూ లేనట్టు నటిస్తూ రాయటం మాకు చేతకాదు. జీన్ రాడెన్‌బెరీ సృష్టించిన ఈ సీరియల్ 1966 సెప్టెంబరు 8న ఎన్.బి.సి. చానల్‌లో మొదలై, 79 ఎపిసోడ్లు నడిచి 1969లో ఆగిపోయింది. తర్వాత 1987లో 'నెక్స్ట్ జనరేషన్', 1993లో 'డీప్ స్పేస్ నైన్', 1995లో 'వాయేజర్' వచ్చాయి. ఈ నాలుగింటినీ ఈమధ్య వరస తప్పకుండా మళ్ళీ చూశాం. చూడనివాళ్ళ కోసం రెండు మాటల్లో కథ: రాబోయే శతాబ్దాల్లో భూమ్మీద పేదరికం పోయింది, యుద్ధాలు పోయాయి, జాతి వివక్ష పోయింది. అనేక గ్రహాలు కలిసి ఫెడరేషన్ అనే సమాఖ్యను ఏర్పాటు చేసుకున్నాయి. దాని ఓడలు కొత్త లోకాలను వెతుక్కుంటూ తిరుగుతుంటాయి.

అమెరికా సీరియల్లో కులాన్ని వెతకటమేమిటి, వీళ్ళకు ఎక్కడ చూసినా కులమేనా అని విసుక్కునేవాళ్ళు ఎట్లాగూ ఉంటారు. వాళ్ళకు మా జవాబు ఒక్కటే. మేము వెతకలేదు. కులాన్ని పేరు పెట్టి, అంటరానితనంతో సహా, ఆ సీరియలే తెరమీద పెట్టింది. అది తర్వాత చూద్దాం.

ఉహూరా కూర్చున్న కుర్చీ

ముందు ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చేద్దాం. 1966లో, అమెరికాలో పౌరహక్కుల చట్టం వచ్చి రెండేళ్ళు మాత్రమే అయినప్పుడు, ఒక నల్లజాతి స్త్రీని ఓడను నడిపే గదిలో అధికారిగా కూర్చోబెట్టింది ఈ సీరియల్. ఆ పాత్ర ఉహూరా, నటి నిషెల్ నికోల్స్. మొదటి సీజన్ అయిపోగానే మానేద్దామనుకున్న తనను మార్టిన్ లూథర్ కింగ్ ఆపాడని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పింది. వంటమనిషిగానో పనిమనిషిగానో కాకుండా ఒక నల్లజాతి స్త్రీ తెరమీద కనబడటం ఎంత పెద్ద సంగతో కింగ్‌కు తెలుసు. 1992లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీ మే జెమిసన్, ఉహూరా తనకు స్ఫూర్తి అన్నది. ఒక కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది చిన్న విషయం కాదని పంచాయతీ ఆఫీసుల్లో నేలమీద కూర్చోబెట్టిన దళిత సర్పంచుల గురించి తెలిసినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఐతే మళ్ళీ చూస్తే ఇంకొకటి కూడా కనబడుతుంది. ఉహూరాకు కుర్చీ ఇచ్చారు గానీ కథ ఇవ్వలేదు. ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ ఆమె వచ్చిన సందేశాన్ని కెప్టెన్‌కు చేరవేస్తుంది, అంతే. 1968 నవంబరులో ప్రసారమైన ఎపిసోడ్‌లో తెల్ల కెప్టెన్ కిర్క్, నల్ల ఉహూరా ముద్దు పెట్టుకోవటాన్ని టీవీ చరిత్రలో గొప్ప ఘట్టంగా చెప్పుకుంటారు. గొప్పదే. కానీ కథలో ఆ ముద్దు వాళ్ళిద్దరి ఇష్టంతో జరగదు. మనసుతో మనుషుల్ని ఆడించే శక్తి ఉన్న గ్రహాంతరవాసులు బలవంతంగా పెట్టిస్తారు. ఇద్దరు కోరుకుంటే చూపించటానికి ధైర్యం చాలలేదు, బలవంతమైతే చూపించొచ్చు. కులాంతర ప్రేమకు చావుతోనో ఊరు విడిచిపోవటంతోనో ముగింపు రాసే మన సినిమాల తెలివి కూడా ఇట్లాంటిదే.

సగం నలుపు, సగం తెలుపు

1969 జనవరిలో వచ్చిన ఒక ఎపిసోడ్ జాతి వివక్ష మీద సూటిగా తీసింది. చెరాన్ గ్రహానికి చెందిన ఇద్దరు ఓడ ఎక్కుతారు. ఇద్దరి ముఖాలూ నిలువునా సగం నలుపు, సగం తెలుపు. బీల్ అనేవాడికి కుడివైపు నలుపు. లోకాయ్ అనేవాడికి కుడివైపు తెలుపు. అదొక్కటే తేడా. బీల్ జాతి లోకాయ్ జాతిని బానిసలుగా ఉంచింది. లోకాయ్ తిరగబడ్డాడు, పారిపోయాడు. బీల్ యాభైవేల ఏళ్ళుగా అతన్ని వెంటాడుతున్నాడు. చివరికి సొంత గ్రహం చేరేసరికి అక్కడ ఎవరూ మిగిలి లేరు. ఒకర్నొకరు చంపుకుని అందరూ పోయారు. ఐనా వీళ్ళిద్దరూ కొట్టుకుంటూ దాని మీదికే దిగిపోతారు.

చిన్నప్పుడు ఈ కథ చూసి కళ్ళు చెమర్చని అభిమాని ఉండడు. తేడా ఎంత అర్థంలేనిదో చూపించటంలో దీనికి సాటి లేదు. కులానికి ఐతే ఆ కుడి ఎడమల తేడా కూడా లేదు. ముఖం చూసి చెప్పలేక పేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఊళ్ళో ఏవైపు అని అడుగుతారు. ఇంతవరకూ బాగుంది. కానీ కథ చెప్పే తీర్పు ఏమిటి? ద్వేషం ఇద్దరిదీ, కాబట్టి తప్పు ఇద్దరిదీ. యజమాని ద్వేషం, బానిస కోపం ఒకే తక్కెట్లో సమానంగా తూగాయి. ఓడలోని మంచివాళ్ళు ఇద్దరికీ కలిపి సుద్దులు చెప్తారు. లోకాయ్ ఏం కోల్పోయాడు, అతనికి ఏం న్యాయం జరగాలి అన్న ప్రశ్న వేసేవాళ్ళుండరు. అతను మాట్లాడితే ఆవేశపరుడు, రెచ్చగొట్టేవాడు. 'కులం కులం అంటూ మీరే కులాన్ని పెంచుతున్నారు' అన్న మాట మన విశ్వవిద్యాలయాల్లో ఎన్నిసార్లు వినలేదు? మధ్యస్థంగా నిలబడి ఇద్దర్నీ మందలించేవాడు ఎప్పుడూ పై మెట్టు మీదే నిలబడి ఉంటాడు.

మబ్బుల్లో ఊరు, గనుల్లో వాడ

అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన 'క్లౌడ్ మైండర్స్' మాకు ఇంకా ముఖ్యం. ఆర్డానా గ్రహం మీద స్ట్రాటోస్ అనే ఊరు మబ్బుల్లో తేలుతుంటుంది. అక్కడివాళ్ళు కళలు, తత్వచర్చలు తప్ప ఇంకో పని చేయరు. కింద నేలమీద ట్రోగ్లైట్లు జీనైట్ అనే ఖనిజాన్ని తవ్వుతుంటారు. పైవాళ్ళ నమ్మకం ప్రకారం ట్రోగ్లైట్లకు పుట్టుకతోనే తెలివి తక్కువ, మొరటుతనం ఎక్కువ. కాబట్టి వాళ్ళు గనుల్లోనే ఉండాలి. ఇంతకంటే సూటిగా మన ఊరి పటం గీసిన టీవీ కథ మేము చూడలేదు.

ఓడ డాక్టరు పరీక్షించి తేల్చేదేమంటే, గనుల్లో జీనైట్ నుంచి వచ్చే వాయువు తెలివిని మందగింపజేస్తుంది, కోపం రేపుతుంది. మాస్కు పెట్టుకుంటే సరిపోతుంది. పై ఊరి పెద్ద ప్లాసస్ ఇదంతా నమ్మడు. అప్పుడు కిర్క్ అతన్ని గనిలోకి దించి చేతులతో తవ్విస్తాడు. వాయువు ఎక్కేసరికి కిర్కే ముందు రాక్షసుడై పోతాడు. ఆ దృశ్యం మాకు ఇప్పటికీ ఇష్టం. బుద్ధి పుట్టుకతో రాదు, పని పరిస్థితులతో వస్తుందీ పోతుందీ అని వాదించి చెప్పటం కాదు, పెద్దమనిషి చేతికి మన్ను అంటించి చూపించారు.

కానీ ముగింపు చూడండి. మాస్కులు ఇస్తామన్నారు. ఊరు మబ్బుల్లోనే ఉంటుంది, గని గనిలాగే ఉంటుంది, తవ్వేవాళ్ళు కూడా వాళ్ళే. మురుగు గుంటలోకి దిగే మనిషికి చేతి తొడుగులు ఇచ్చి సమస్య తీరిందనే ప్రభుత్వాల ధోరణి ఇదే. దిగే మనిషి ఎప్పుడూ ఒకే కులం వాడు ఎందుకవుతాడన్న ప్రశ్నకు తొడుగుల్లో జవాబు లేదు. ఈ కథను మొదట ఊహించిన డేవిడ్ గెరాల్డ్ కూడా ఆ మాస్కుల పరిష్కారాన్ని తర్వాత తప్పుపట్టాడు. అసలు కిర్క్ అక్కడికి వెళ్ళింది ట్రోగ్లైట్ల కోసం కాదు. వేరే గ్రహంలో మొక్కలకు తెగులు సోకితే మందుకు జీనైట్ కావాల్సి వచ్చి వెళ్ళాడు. ఖనిజం ఆగిపోకపోతే ఆ వాడ వైపు ఎవరూ తొంగిచూసేవాళ్ళు కాదు. ఇంకొక మాట కూడా ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఆర్డానా ఫెడరేషన్‌లో సభ్యురాలు.

బజోర్‌లో కులం

ఇప్పుడు 1996 ఫిబ్రవరికి వద్దాం. 'డీప్ స్పేస్ నైన్' నాలుగో సీజన్‌లో 'యాక్సెషన్' అనే ఎపిసోడ్, రచన జేన్ ఎస్పెన్సన్. బజోర్ అనే గ్రహం కార్డాసియన్ల ఆక్రమణ నుంచి బయటపడి కొన్నేళ్ళయింది. ఫెడరేషన్‌లో చేరటానికి దరఖాస్తు పెట్టుకుంది. అక్కడి అంతరిక్ష కేంద్రం అధికారి బెంజమిన్ సిస్కో నల్లజాతివాడు. స్టార్ ట్రెక్ సీరియల్స్‌లో మొదటి నల్ల నాయకుడు, నటుడు ఏవరీ బ్రూక్స్. బజోర్ ప్రజలు సిస్కోను తమ దేవతల దూతగా కొలుస్తుంటారు. అప్పుడు రెండు వందల ఏళ్ళ కిందటి కవి ఒకడు, అకోరెమ్ లాన్, అంతరిక్ష ద్వారం నుంచి బయటపడి అసలు దూతను నేనే అంటాడు. దూతగా అతని మొదటి పిలుపు ఏమిటంటే: అందరూ 'జారా'లకు తిరిగి వెళ్ళండి.

జారా అంటే కులం. పుట్టిన ఇంటిని బట్టి వృత్తి, వృత్తిని బట్టి హోదా. ఆక్రమణ కాలంలో శత్రువుతో పోరాడాలంటే అందరూ సైనికులు కావాల్సి వచ్చింది కాబట్టి జారాలను పక్కన పెట్టారు. స్వేచ్ఛ వచ్చాక మళ్ళీ తెమ్మంటున్నాడు కవి. ఈ ఒక్క మలుపు చాలు, రచయిత్రి కులం గుట్టు పట్టుకుందని చెప్పటానికి. పోరాటంలో అందరి రక్తం కావాలి, గెలిచాక ఎవరి స్థానంలోకి వాళ్ళు వెళ్ళాలి. జాతీయోద్యమం గురించి అంబేద్కర్ అడిగిన ప్రశ్నలు తెలిసిన పాఠకుడికి ఇది కొత్త కథ కాదు. పిలుపు ఇచ్చినవాడు సైనిక నియంత కాదు, వ్యాపారి కాదు, కవి. సున్నితమైనవాడు, అందరూ ప్రేమించేవాడు. కులాన్ని కాపాడే పని కత్తికంటే కవిత్వమే ఎక్కువ చేసిందని మనం వాదిస్తుంటే మొహం చిట్లించుకునే సాహితీవేత్తలు ఈ ఎపిసోడ్ చూడాలి.

మేజర్ కీరా అక్కడ సిస్కో తర్వాతి అధికారిణి, గెరిల్లాగా పోరాడి వచ్చిన మనిషి. ఆమె జారా కళాకారులది. భక్తురాలు కాబట్టి దూత మాట వినాలనుకుంటుంది. తుపాకీ పట్టిన చేతులతో మట్టి బొమ్మలు చేయటానికి కూర్చుంటుంది, చేతకాదు. ఉద్యోగం వదిలిపెట్టటానికి సిద్ధపడుతుంది. కులం పై మెట్టు మీద ఉన్నవాళ్ళను కూడా ఎట్లా కుదించేస్తుందో ఇక్కడ బాగా చూపించారు. అంతకంటే ముఖ్యమైనది, ఎవరూ బలవంతం చేయకుండానే ఆమె ఒప్పుకోవటం. భక్తి అనేది ఆజ్ఞ కంటే లోతుగా పనిచేస్తుంది.

తర్వాత హత్య జరుగుతుంది. ఒక మతగురువు తోటి గురువును పై అంతస్తు నుంచి తోసి చంపుతాడు. చచ్చిపోయినవాడిది ఇముట్టా జారా, శవాలతో పనిచేసే కులం, మైల కులం. గురువు పదవి వదిలి పొమ్మంటే పోలేదు, అదే అతని నేరం. చంపినవాడు దాచుకోడు, సిగ్గుపడడు. ధర్మం చేశాననుకుంటాడు.

కాటి పని చేసే కులం వాడు పూజారి పీఠం మీద ఉండటం, దిగనని అనటం, అందుకు చావటం. కారంచేడు, చుండూరు తెలిసిన మాకు ఈ దృశ్యం చూడటానికి గుండె దిటవు చేసుకోవాల్సి వచ్చింది. అక్కడా అంతే గదా. చెరువు నీళ్ళు మురికి చేయొద్దన్నందుకు, సినిమా హాల్లో కాలు తగిలినందుకు అంటారు. అసలు కారణం ఒక్కటే, దిగనన్నారు.

ఐతే ఇక్కడే మా ఫిర్యాదు కూడా ఉంది. ఎపిసోడ్ అంతా సిస్కో మాట్లాడతాడు, కవి మాట్లాడతాడు, కీరా మాట్లాడుతుంది. చంపినవాడు కూడా మాట్లాడతాడు. చనిపోయిన ఇముట్టాకు ఒక్క మాట లేదు. బజోర్‌లో ఇంకే ఇముట్టా కూడా నోరు విప్పడు. వాళ్ళకు వాడ ఉందా, సంఘం ఉందా, ఈ పిలుపు విన్న రాత్రి వాళ్ళ ఇళ్ళల్లో ఏం మాట్లాడుకున్నారు? కథకు అక్కర్లేదు. శవం మాత్రమే కావాలి, సిస్కోకు కోపం తెప్పించటానికి. 1922 నాటి 'మాలపల్లి' నుంచి మన అభ్యుదయ సాహిత్యం మీద మనం వేస్తున్న ప్రశ్న ఇదే: మా గురించి రాశారు సరే, మా మాటేది?

చివరికి పరిష్కారం కూడా పైనుంచే వస్తుంది. సిస్కో, అకోరెమ్ దేవతల దగ్గరికి వెళ్తారు. దేవతలు సిస్కోయే దూత అని తేల్చి కవిని అతని కాలానికి పంపేస్తారు. జారాలు మళ్ళీ మూలకు పడతాయి. అంటే దేవతలు వద్దన్నారు కాబట్టి కులం పోయింది! మరి రేపు వేరే దేవత కావాలంటే? కులానికి వెనక ఉన్న పవిత్రతనే కూలదోయకుండా కులం పోదని 1936లోనే 'కులనిర్మూలన' వాదించింది. అరవై ఏళ్ళ తర్వాత వచ్చిన ఎపిసోడ్ ఆ మెట్టు దాకా వచ్చి ఆగిపోయింది.

ఐనా ఒక మాట ఈ ఎపిసోడ్‌కు మేము రుణపడి ఉన్నాం. కుల వివక్ష ఫెడరేషన్ రాజ్యాంగ పత్రానికి విరుద్ధం, జారాలు తిరిగొస్తే బజోర్ దరఖాస్తు తిరస్కరిస్తారు అని సిస్కో స్పష్టంగా చెప్తాడు. 1996లో టీవీలో ఈ మాట వినబడింది. అసలు లోకంలో 2001లో డర్బన్‌లో జాత్యహంకార వ్యతిరేక ప్రపంచ మహాసభ జరిగినప్పుడు, కులం చర్చకు రాకుండా భారత ప్రభుత్వం అడ్డుపడింది. అది మా ఇంటి గొడవ అన్నది. స్టార్ ట్రెక్ పుట్టిన అమెరికాలో కులాన్ని పేరు పెట్టి నిషేధించిన మొదటి నగరం సియాటిల్, అదీ 2023 ఫిబ్రవరిలో. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును అక్టోబరులో గవర్నరు వెనక్కి పంపాడు, ఉన్న చట్టాలు చాలునన్నాడు. మన తెలుగువాళ్ళు ఆ రాష్ట్రంలో ఎంతమంది ఉన్నారో, వాళ్ళతో పాటు ఏమేం విమానం ఎక్కి వెళ్ళాయో మనకు తెలియనిది కాదు. ఇక ఫెడరేషన్ సంగతి: బజోర్‌ను కులం ఉంటే రానివ్వమన్న అదే సమాఖ్యలో మబ్బుల ఊరి ఆర్డానా హాయిగా సభ్యురాలిగా ఉండింది. రాజ్యాంగంలో నిషేధం, ఊళ్ళో ఆచారం. 17వ అధికరణం ఉన్న దేశంవాళ్ళం, మనకు ఆశ్చర్యమేముంది?

చెత్త ఓడ ఎవరు కడుగుతారు

ఇంకా లోతుకు పోతే స్టార్ ట్రెక్ లోకం కట్టిన తీరులోనే చిక్కు ఉంది. క్లింగాన్లంటే యోధులు. ఫెరెంగీలంటే వ్యాపారులు. వల్కన్లంటే జ్ఞానులు. ఒక్కో గ్రహానికి ఒక్కో గుణం, అది పుట్టుకతోనే వస్తుంది. దీన్ని మనం ఏమంటాం? వర్ణాలు గ్రహాలైపోయాయి. ఇందులో వేలు పెట్టి చూపించకపోయినా లేనిది ఒకటుంది: ఐదో గుంపు. పేదరికం లేని ఆ లోకంలో ఓడ ఊడ్చేదెవరు, పాకీదొడ్లు కడిగేదెవరు? దశాబ్దాల పాటు సీరియల్ దీని ఊసెత్తలేదు. యంత్రాలు చేస్తాయనుకోమంది.

జవాబు 2000 మే నెలలో 'వాయేజర్' చెప్పింది. ఆ ఓడలో డాక్టరు మనిషి కాదు, కాంతితో చేసిన రూపం. ఆలోచిస్తాడు, పాడతాడు, బాధపడతాడు. అతనిలాంటి మొదటి తరం డాక్టర్లు పాతబడిపోయారని ఫెడరేషన్ వాళ్ళను చెత్త మోసే పడవల్లో గొట్టాలు కడిగే పనికి పెట్టింది. వాళ్ళ సంఖ్య 675. ఈ విషయం బయటపెట్టేది వాళ్ళను తయారుచేసిన శాస్త్రవేత్త. అతని బాధేమిటంటే, తన ముఖం పెట్టుకున్న 675 మంది చెత్త గొట్టాలు కడుగుతున్నారు, తనకు అవమానం! కడిగేవాళ్ళకు ఎట్లా ఉంటుందని అతను అడగడు. చదువుకున్నా, వైద్యం నేర్చినా, చివరికి చీపురు చేతికిచ్చే లోకం అదీ. డిగ్రీలు చేతబట్టుకుని పారిశుధ్య ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకునే మన పిల్లల్ని చూసినవాళ్ళకు ఇది సైన్స్ ఫిక్షన్‌లా అనిపించదు.

రాసేదెవరు, చదివేదెవరు

మళ్ళీ మొదటి ప్రశ్నకు వద్దాం. భవిష్యత్తును ఊహించే హక్కు ఎవరిది? స్టార్ ట్రెక్ తనను తాను ఈ ప్రశ్న వేసుకుంది, 1998 ఫిబ్రవరిలో. ఏవరీ బ్రూక్స్ స్వయంగా దర్శకత్వం వహించిన ఎపిసోడ్ అది. అందులో సిస్కో 1953 నాటి న్యూయార్కులో బెన్నీ రసెల్ అనే నల్ల రచయితగా తనను చూసుకుంటాడు. సైన్స్ ఫిక్షన్ పత్రికలో పని. పాఠకుల కోసం రచయితల ఫోటో తీస్తామని, ఆ రోజు నువ్వు కాస్త ఆలస్యంగా నిద్రలేవొచ్చని ఎడిటరు బెన్నీకి చెప్తాడు. రాయొచ్చు, కనబడకూడదు. బెన్నీ ఒక నల్ల కెప్టెన్ నడిపే అంతరిక్ష కేంద్రం కథ రాస్తాడు. ఎవరూ నమ్మరంటారు. కలగా మార్చితే వేస్తామంటారు. మార్చాక కూడా యజమాని ఆ సంచిక మొత్తాన్ని నాశనం చేయించి బెన్నీని ఉద్యోగంలోంచి తీసేస్తాడు. మధ్యలో పోలీసులు వీధిలో చావగొడతారు. చివర్లో కూలబడి ఏడుస్తూ బెన్నీ చెప్పేదొక్కటే: ఆ భవిష్యత్తు నిజం, దాన్ని నేను సృష్టించాను, మీరు నాశనం చేయలేరు.

బెన్నీ బాధ రాయలేదు. తన వీధి గురించి రాయలేదు. రేపటి గురించి రాశాడు. ఆ నేరానికే అతన్ని కొట్టారు. అవమానాన్ని రాసే నల్లవాడిని జాలితో భరించే లోకం, కెప్టెన్‌ను ఊహించే నల్లవాడిని భరించలేదు. మన రచయితలకు ఇది అర్థం కావాలి. మనం గాయాన్ని చూపిస్తే కళ్ళు తుడుచుకునేవాళ్ళు, మనం రేపటి పటం గీస్తే ఎందుకు ఉలిక్కిపడతారో అర్థం కావాలి.

2001 ఏప్రిల్‌లో 'వాయేజర్' డాక్టరు కూడా ఒక రచన చేస్తాడు, తనలాంటివాళ్ళ బతుకు గురించి. ప్రచురణకర్త అతని అనుమతి లేకుండా పంచేస్తాడు, మనిషి కానివాడికి హక్కులుండవంటాడు. వ్యవహారం విచారణకు వస్తుంది. తీర్పు ఏమిటి? ఇతను మనిషి అని ఇప్పుడే చెప్పలేం, కానీ రచయిత అని ఒప్పుకుంటాం. చూడండి ఎంత చిత్రమో. దళిత సాహిత్యానికి అవార్డులూ సెమినార్లూ ఇస్తూ, దళితుడికి ఇల్లు అద్దెకివ్వని సమాజం కూడా ఇదే తీర్పు మీద నడుస్తోంది.

ఆ ఎపిసోడ్ తీర్పుతో ముగియదు. నాలుగు నెలల తర్వాత ఒక గనిలో అదే ముఖంతో ఉన్న పాత డాక్టర్లు రాయి కొడుతుంటారు. ఒకడు పక్కవాడికి మెల్లగా చెప్తాడు, ఫలానా రచన ఒకటుంది, తప్పకుండా చూడు అని. స్టార్ ట్రెక్ నాలుగు సీరియల్స్‌లో అడుగునున్నవాళ్ళు పైవాళ్ళ ప్రమేయం లేకుండా తమలో తాము మాట్లాడుకున్న దృశ్యాలు చాలా తక్కువ, అందులో ఇదొకటి. కిర్క్ రాలేదు, దేవతలు దిగలేదు, మాస్కులు పంచలేదు. చేతి నుంచి చేతికి ఒక రచన అందుతోంది, అంతే. సైక్లోస్టైల్ కాగితాల మీద మొదలైన మన పత్రికలు కూడా అట్లాగే నడిచాయి. ఇముట్టా వైపు నుంచి బజోర్ కథ, ట్రోగ్లైట్ వైపు నుంచి మబ్బుల ఊరి కథ ఇంకా ఎవరూ రాయలేదు. అవి మనం రాయాల్సిన కథలు. అనుభవం లేదన్న అభ్యంతరం మన దగ్గర చెల్లదు. ఆ గనుల్లో ఉన్నవాళ్ళం మనమే.